నల్గొండలో నేవీ మెడల్స్‌కు పటం కట్టించాం: ప్రకాశం బజార్ షాపు ఎలా చేసిందంటే

ఇంట్లో తండ్రివో తాతవో మిలిటరీ మెడల్స్, డిశ్చార్జి కాగితాలు ఉండి, వాటిని ఎవరి చేతికివ్వాలో తెలియక బీరువాలోనే ఉంచేసినవాళ్ల కోసం ఈ రివ్యూ రాస్తున్నా. నల్గొండలో పటాలు కట్టే షాపులకు కొదవ లేదు. దేవుడి పటం, పెళ్లి ఫోటో, పోయినవాళ్ల ఫోటో ఎక్కడిచ్చినా చక్కగా కట్టిస్తారు. మెడల్స్ దగ్గరికి వచ్చేసరికే ఇబ్బంది. వాటికి మందం ఉంటుంది, బరువు ఉంటుంది, రిబ్బనుకు వేలాడుతుంటాయి, అద్దానికి తగలకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా వాటికి గమ్ము అంటకూడదు. ఈ చివరి సంగతి నేను చెప్పకముందే తెలిసిన మనిషి నాకు ఊళ్లో ఒక్కడే కనిపించాడు. గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ లోపలికి వెళ్తే వచ్చే పాత పటాల షాపు. పెద్ద బోర్డేమీ ఉండదు, బయట బీడింగ్ కర్రలు నిలబెట్టి ఉంటాయి, మెషిన్ పక్కనే స్టూలు మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటాడు.

మా నాయనది నకిరేకల్ దగ్గర పల్లె. 1967లో నేవీలో చేరి 1982లో పెన్షన్ మీద బయటికొచ్చాడు. మన జిల్లాలో మిలిటరీ అంటే అందరికీ ఆర్మీయే, అందుకే ఊళ్లోవాళ్లు చివరిదాకా ఆయన్ని ‘ఏ బార్డర్ల చేసినవ్’ అని అడుగుతూనే ఉండేవాళ్లు. 1971 యుద్ధమప్పుడు నాయన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌లో స్టోకర్, అంటే బాయిలర్ల దగ్గర పని. ఆ ఓడ సంగతి తెలిసినవాళ్లకు బాయిలర్ అనగానే అర్థమవుతుంది. అప్పటికి విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగులు వచ్చి ఉంది, పూర్తి వేగంతో పోయే పరిస్థితి లేదు, అసలు దాన్ని యుద్ధానికి పంపాలా వద్దా అని పెద్ద చర్చే నడిచింది. అయినా బంగాళాఖాతంలోకి పంపారు. డిసెంబర్ 4న దాని మీద నుంచి లేచిన సీ హాక్ విమానాలు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి, తర్వాత చిట్టగాంగ్ మీద. ఆ విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ 3వ తేదీ అర్ధరాత్రి విశాఖపట్నం ముందే మునిగిపోయింది. ‘పైన విమానాలు లేస్తుంటే కింద మాకు చప్పుడే వినపడేది, సముద్రం గూడ కనపడకపోయేది’ అనేవాడు నాయన.

ఆ పాత విక్రాంత్ కూడా ఇప్పుడు లేదు. 1997లో డ్యూటీ నుంచి తప్పించి, ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంలా నడిపి, 2014లో తుక్కుకు పంపారు. దాని ఉక్కును కలిపి బజాజ్ వాళ్లు 2016లో ‘వీ’ అనే బండి తెస్తే, మా వీధిలో ఎవరో కొన్న ఆ బండి దగ్గరికి నాయన వెళ్లి పెట్రోల్ ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన పోయాక ఇనుప పెట్టె తెరిస్తే మాకు మిగిలినవి నాలుగు మెడల్స్, సర్వీస్ సర్టిఫికెట్, పెన్షన్ ఆర్డరు, టోపీ చుట్టూ కట్టుకునే నల్ల రిబ్బను ఒకటి, కొన్ని బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు, అమ్మకు రాసిన నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు. ఇవి పాడైతే మళ్లీ తెచ్చుకునే దారి లేదు కాబట్టే షాపు కోసం అంత తిరిగాను.

ముందు ఊళ్లోనే వేరే షాపుకు వెళ్లాను, ఏదో చెప్పను. అక్కడి అబ్బాయి మెడల్స్ చూడగానే గ్లూ గన్ తీసి, ఎర్ర వెల్వెట్ మీద వేడి గమ్ముతో పది నిమిషాల్లో అతికించేస్తా, జన్మలో ఊడవు అన్నాడు. ఆ ‘జన్మలో ఊడవు’ అన్న మాటకే నాకు టెన్షన్ వచ్చి మెడల్స్ సంచిలో వేసుకుని బయటికొచ్చేశాను. వేడి గమ్ము రిబ్బను దారాల్లోకి ఇంకిపోతుంది, వెనక వైపు లోహానికి పట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా తీయాలంటే రిబ్బను చిరుగుతుంది, మెడల్ గీసుకుపోతుంది. అదీగాక గుండ్రటి మెడల్స్ అంచు చుట్టూ మనిషి నంబరు, ర్యాంకు, పేరు చిన్న అక్షరాలతో కొట్టి ఉంటాయి. 1971 యుద్ధానికి గాను సంగ్రామ్ మెడల్ లక్షల మందికి ఇచ్చారు, దాన్ని మా నాయన మెడల్ చేసేది ఆ అంచే. దాని మీద గమ్ము పొంగితే ఇక అది ఎవరిదైనా ఒకటే.

ప్రకాశం బజార్ షాపులో ఆ పెద్దమనిషి ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మెడల్ అంచు పట్టుకుని తీశాడు. వెలుతురుకు తిప్పి అంచు మీద పేరు చదివి, ‘నాయనదా చెల్లె’ అన్నాడు. నేను గమ్ము మాట ఎత్తేలోపే ఆయనే చెప్పాడు: ‘దీనికి గమ్ము పెట్టద్దు చెల్లె. ఇయ్యాల నేను కడ్త, రేపు నీ కొడుకు తీసి చూస్తనంటే ఎట్ల తీస్తడు? కుట్టుడే.’

నిజంగా కుట్టాడు. ఎలా చేశాడో కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే మీరు వేరే ఊళ్లో వేరే షాపుకిచ్చినా ఇదే అడగొచ్చు. లోపల పరచడానికి వెల్వెట్ వద్దన్నాను. రంగు వేయని నేత గుడ్డ తెమ్మన్నాడు, అదీ ఉతికి గంజి పూర్తిగా పోగొట్టి తెమ్మన్నాడు, గంజి ఉంటే పురుగు వస్తుందని. ఆ గుడ్డను యాసిడ్ లేని మౌంటు బోర్డు మీద బిగించి, వెనక్కి మడిచి కుట్టాడు. నాయన మెడల్స్ నాలుగూ ఒకే పిన్ను బారుకు వరసగా కట్టి ఉన్నాయి, యూనిఫాం మీద పెట్టుకునేది అలాగే. ఆ బారును విప్పలేదు. బారు రెండు కొసల మీదుగా, మధ్యలో రిబ్బన్ల సందుల్లోంచి నూలు దారం పోనిచ్చి బోర్డు వెనక ముడి వేశాడు. రిబ్బనులోకి సూది ఒక్కసారి కూడా దిగలేదు. మెడల్స్ ఊగి ఒకదానికొకటి కొట్టుకోకుండా ఒక్కొక్కదాని కింద, అంచు మీద పేరు లేని చోట చూసి, సన్నటి దారం లూపు వేశాడు. రేపు తీయాలంటే వెనక ఆ ముడులు కత్తిరిస్తే చాలు, అన్నీ ఎలా ఇచ్చామో అలాగే చేతికొస్తాయి.

ఫ్రేము లోతు ఒకటిన్నర అంగుళం. మామూలు పటం బీడింగ్‌లో అంత లోతు రాదు కాబట్టి పెట్టెలా చేసి దాని ముందు బీడింగ్ కొట్టాడు. అద్దానికి, మెడల్‌కు మధ్య చుట్టూ చిన్న కర్ర అంచు పెట్టడంతో ఖాళీ ఉంది. ఫోటోలకు కూడా ఈ ఖాళీ చాలా ముఖ్యం. పాత ఫోటోను నేరుగా అద్దానికి ఆనించి కట్టిస్తే వానాకాలం చెమ్మకు ఫోటో పైపొర అద్దానికి అతుక్కుపోతుంది, తీయబోతే ముఖాలే ఊడి వస్తాయి. మన ఇళ్లల్లో గోడల మీద ఉన్న తాతల ఫోటోలు సగం ఇలాగే పోయాయి.

రిబ్బన్ల మీద పిన్ను తుప్పు మరక ఉంది. కొత్త రిబ్బన్లు వేద్దామా అని అడిగాడు, సికింద్రాబాద్ తిరుమలగిరి లాల్‌బజార్‌లో మిలిటరీ సామాన్ల షాపుల్లో మీటర్ల లెక్క దొరుకుతాయని కూడా ఆయనే చెప్పాడు. నేను వద్దన్నాను. నాయన గుండెల మీద పెట్టుకున్న రిబ్బన్లు అవే, మరకతో సహా అవే ఉండాలి. మెడల్స్‌ను తోమే మాట కూడా అంతే. అమ్మ చింతపండు వేసి మెరిపిద్దాం అంది, 1971లో తూర్పు వైపు యుద్ధంలో ఉన్నవాళ్లకు ఇచ్చిన పూర్వీ స్టార్ చూడ్డానికి ఇత్తడి రంగులో ఉంటుంది కదా. తోమిన ప్రతిసారీ లోహం పైపొర కొంచెం పోతుంది, మొదట అరిగేవి అక్షరాలే. చింతపండులో ఆమ్లం వేరే, కడిగితే మన బోరు నీళ్ల తెల్ల మరక వేరే. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిచి వదిలేశాం. నల్లబడిన చోట నల్లగానే ఉంది, బాగుంది.

ఇక షాపు తప్పులు. మొదటిసారి వెళ్లి చూస్తే పూర్వీ స్టార్‌ను విడిగా పైన మధ్యలో పెట్టి మిగతా మూడు కింద సర్దితే ఎలా ఉంటుందో కాగితం మీద గీసి పెట్టాడు. చూడ్డానికి అందంగానే ఉంది, మెడల్స్ వరస మాత్రం అది కాదు. ఆ వరసకు ఒక క్రమం ఉంది, మనం ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ నుంచి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో ఇచ్చిన మెడల్, చివర తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్. పడమటి వైపు కరాచీ దాడుల్లో ఉన్నవాళ్లకైతే పూర్వీ స్థానంలో పశ్చిమీ స్టార్ ఉంటుంది. నాయన యూనిఫాం ఫోటో చూపించాక ఆ గీత పక్కన పడేసి, బారును ఉన్నదున్నట్టు కుట్టాడు. తెలియకపోవడం తప్పు కాదు, చెప్తే వినడం నాకు నచ్చింది. మీరు మాత్రం యూనిఫాం ఫోటో ఒకటి వెంట తీసుకెళ్లండి.

రెండోది వెనక ప్లైవుడ్. ఇదైతే నాకు నచ్చలేదు. ప్లైవుడ్, చెక్కపొట్టు నొక్కి చేసే ఎండీఎఫ్ షీట్ల లాంటివాటి నుంచి ఏళ్ల తరబడి ఆమ్లపు ఆవిర్లు వస్తూనే ఉంటాయి. మూసిన పెట్టెలో అవి లోహానికీ కాగితానికీ మంచివి కావు. ‘అందరికి అదే కొడ్తం చెల్లె, ఇప్పటిదాంక ఎవ్వరు ఏమనలే’ అని కాసేపు వాదించాడు. చివరికి ఫ్లెక్సీ షాపు నుంచి సన్‌ప్యాక్ షీటు తెచ్చిచ్చాను, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉంటుంది చూడండి, అది పాలీప్రొపిలీన్, దానితో భయం లేదు. సన్‌బోర్డు అడక్కండి, అది పీవీసీ, మూసిన పెట్టెలో అదీ మంచిది కాదు. దాన్నే వెనక కొట్టి, సందులు కాగితం టేపుతో మూశాడు.

మూడోది ఆలస్యం. చెప్పిన టైముకు అస్సలు ఇవ్వలేదు. పెళ్లిళ్ల సీజన్ అన్నాడు, మెషిన్ అన్నాడు, పిల్లగాడు ఊరికి పోయిండన్నాడు. నాకు చిరాకు వచ్చింది, కానీ మెడల్స్‌ను తన దగ్గర ఉంచుకోకపోవడం వల్ల భయం లేకపోయింది. పెట్టె, బోర్డు అన్నీ తయారయ్యాకే మెడల్స్ తెమ్మన్నాడు, నా ఎదురుగా కుట్టి అప్పుడే మూశాడు. విలువైన వస్తువు షాపులో వదిలి రావాల్సిన పని లేకపోవడం అన్నిటికంటే పెద్ద ప్లస్ పాయింటు, ఆలస్యాన్ని దీంతో క్షమించేయొచ్చు.

అద్దం బదులు యూవీ కిరణాలను ఆపే అక్రిలిక్ వేయించాను. ఊళ్లో లేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాడు, అందుకు విడిగా తీసుకున్నాడు. మొత్తం కలిపి రూ.4,100 అయింది. మామూలు పటంతో పోలిస్తే ఎక్కువే, పనిని చూస్తే తక్కువే. అక్రిలిక్ వేసినా రంగు వెలవడం పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. అందుకే ఎండ నేరుగా పడని గోడకు, బాత్రూం అవతల లేని గోడకు తగిలించాం. అక్రిలిక్ మీద అద్దాలు తుడిచే స్ప్రే కొట్టకండి, మసకబారుతుంది. మెత్తటి తడిగుడ్డ చాలు.

కాగితాల విషయంలో ఆయన ఇచ్చిన సలహా ఒకటే, చాలా మంచిది. ‘అసలువి పటంల పెట్టద్దు, కలర్ జిరాక్స్ పెట్టు.’ సర్వీస్ సర్టిఫికెట్ మంచి స్కాన్ తీయించి ప్రింటు ఫ్రేములో పెట్టాం, దాని పక్కనే సంగ్రామ్ మెడల్ అంచును దగ్గర నుంచి తీసిన ఫోటో, నాయన పేరు కనపడేలా. ఫ్రేములోకి పోయాక అంచు ఎవరికీ కనపడదు కాబట్టి ఈ ఫోటో పెట్టాలన్నది మా తమ్ముడి ఆలోచన. చుట్టాలు వచ్చినప్పుడు మెడల్స్ కంటే ముందు దాన్నే చదువుతున్నారు.

అసలు కాగితాలు ఫ్రేములో లేవు కాబట్టి వాటికి ఇంట్లో వేరే ఏర్పాటు చేశాం. సర్వీస్ సర్టిఫికెట్‌ను నాయన బతికుండగానే పెన్షన్ ఆఫీసుల చుట్టూ తిప్పలేక లామినేషన్ చేయించాడు. దాన్ని ఊడదీయాలని ఎవరైనా వేడి పెట్టబోతే ఆపండి, ప్లాస్టిక్‌తో పాటు ఇంకు, సీళ్లు వచ్చేస్తాయి. అలాగే ఉంచి, మడత పడకుండా, వేడికి దూరంగా దాచడమే. లామినేషన్ చేయనివి మీ దగ్గర ఉంటే దయచేసి చేయించకండి, సెల్లోటేపు కూడా వేయకండి, కొన్నేళ్లకు దాని గమ్ము పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. స్టేషనరీ షాపు ఫోల్డర్లలో చాలావరకు పీవీసీ ఉంటుంది, అందులో ఇంకు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లు అడిగి తీసుకోండి, మైలార్ అని వెతికితే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

ఇన్‌లాండ్ ఉత్తరాలు ఎక్కువ జాగ్రత్త కోరేవి. మడతల దగ్గరే చిరుగుతాయి, ఫౌంటెన్ పెన్ను ఇంకు కాబట్టి నీటి చుక్క పడితే అక్షరం చెదిరిపోతుంది. మడత విప్పి పరిచి, ఒక్కొక్కటీ ఒక్కో కవర్లో పెట్టి, యాసిడ్ లేని అట్టపెట్టెలో పడుకోబెట్టాం. ఆ ఉత్తరాల మీద చిరునామా ఎప్పుడూ ఓడల ఉత్తరాలు చూసే ఫ్లీట్ మెయిల్ ఆఫీసుదే, ఓడ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. 1971 డిసెంబర్‌లో రాసిన ఉత్తరంలో యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు, నారు పోశారా, బాయి ఊరిందా అని ఉంది. అమ్మ దాన్ని ఇప్పటికీ చేతికివ్వదు, తనే పట్టుకుని మాకు చూపిస్తుంది. స్కాన్ కూడా ఆమె ఎదురుగానే తీశాం, 600 డీపీఐలో, ముందు వెనక రెండూ.

పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేశాం, నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కూ ఫోటోలకూ పడదు. పెట్టెను నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. మన దగ్గర చెదలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పలేం, మా మేనత్త ఇంట్లో పట్టా కాగితాలు బీరువా వెనక నుంచి తినేశాయి. కాగితం బాగా చితికిపోయి మన చేతుల్లో లేని స్థితిలో ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గానీ, కన్జర్వేషన్ ల్యాబ్ ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో గానీ ముందు సలహా అడగడం మంచిది, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

ఇంకో మాట, కాగితాలే లేనివాళ్లకు. నేవీ సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్ చీతా క్యాంప్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ చూస్తుంది. సర్వీస్ నంబరు ఉంటే పని సులువు. నంబరు దొరక్కపోతే మెడల్ అంచు చూడండి, అక్కడ ఉంటుంది. తోమకండి అని ఇంతగా చెప్పేది అందుకు కూడా. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే సైనిక సంక్షేమ ఆఫీసుకు వెళ్లండి, మాజీ సైనికుల కుటుంబాల పనుల కోసమే ఉన్న ఆఫీసు అది.

షాపుకు నా రేటింగ్ ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది ఆలస్యానికి, ప్లైవుడ్‌కు కలిపి. వెళ్లేవాళ్లు పొద్దున షాపు తీయగానే వెళ్లండి, సాయంత్రం దేవుడి పటాల గిరాకీలో ఆయన నిదానంగా మాట్లాడలేడు. మొదటిసారి మెడల్స్ తీసుకెళ్లకండి, ఫోన్లో ఫోటోలు, స్కేలు పెట్టి తీసిన కొలతలు చాలు. గుడ్డ మీరే ఉతికి తీసుకెళ్లండి, సన్‌ప్యాక్ షీటు కూడా మీరే. అడ్వాన్స్ సగం అడుగుతాడు. నాయన టోపీ రిబ్బనుకు కూడా ఆయనకే ఆర్డరిచ్చాం, ఈసారి దసరా దాటాక ఇస్తానని ముందే చెప్పేశాడు.